గాలి వదిలితేనే నిండినట్టు

ఎండలు ముదిరేసరికి టర్బో పెట్రోలు కార్ల వాళ్ల నోట ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. బండి లాగడం లేదంటారు. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బరువెక్కిపోతుంది. పెట్రోలు కల్తీ అనుకుంటారు, ప్లగ్గులు మార్పిస్తారు, టర్బో పోయిందేమోనని బెంగపెట్టుకుంటారు. అది ఈమధ్య ముందు బంపరుకు దెబ్బ తగిలి రిపేరుకు వెళ్లొచ్చిన బండి అయితే మాత్రం నేను మొదట అడిగేది ఒక్కటే. ఇంటర్‌కూలర్ నీళ్లలో గాలి తీశారా?

ఆ నీళ్ల దారి వేరే ఉందనే సంగతే చాలామందికి తెలియదు. టర్బో బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని ఒక బార్ బూస్ట్‌తో నొక్కితే ఇంచుమించు 120 డిగ్రీలకు చేరుతుంది. వేడిగాలి పలచబడుతుంది కాబట్టి సిలిండర్‌లో పట్టేది తక్కువ. అదే ఒత్తిడి మీద దాన్ని 50 డిగ్రీలకు దించగలిగితే ఐదో వంతు గాలి అదనంగా పడుతుంది. ఆ దించే పని ఇంటర్‌కూలర్‌ది. చాలా బండ్లలో ఎదురుగాలే దాన్ని చల్లారుస్తుంది. కొన్నింట్లో ఆ పని నీళ్లు చేస్తాయి. ఒక చిన్న కరెంటు పంపు కూలెంట్‌ను ఇంటర్‌కూలర్‌లో తిప్పి, ముందువైపు విడిగా ఉన్న సన్నటి రేడియేటర్‌కు పంపి, చల్లబడ్డాక మళ్లీ వెనక్కి తెస్తుంది. 1989లో లోటస్ ఎస్ప్రీ ఎస్‌ఈ లాంటి ఖరీదైన బండిలో ఉన్న ఈ ఏర్పాటు ఇవాళ స్కోడా, ఫోక్స్‌వాగన్‌ల 999 సీసీ ఇంజన్‌లోనూ ఉంది. అంటే విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడిపే మెకానిక్ ముందుకు కూడా ఈ పని వచ్చేసింది.

మా బావమరిది కారుకు లారీ చక్రం కింద నుంచి లేచిన రాయి తగిలి ఆ ముందు రేడియేటర్‌కు చిల్లుపడింది. వర్క్‌షాపు వాళ్లు కొత్తది వేసి, కూలెంట్ డబ్బాలో గీత దాకా పోసి, సాయంత్రానికల్లా బండి ఇచ్చేశారు. తర్వాత కుటుంబంతో శ్రీశైలం బయల్దేరాడు. దోర్నాల దాటి ఘాట్ మొదలయ్యాక ఫోన్ చేశాడు. "బావా, మీటరు నార్మల్‌గానే ఉంది, నీళ్లు ఫుల్లుగానే ఉన్నాయి, బండి మాత్రం ఎక్కనంటోంది." అతను చెప్పిన రెండూ నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. మీటరు చూపించేది ఇంజన్ నీళ్ల వేడి. ఇంటర్‌కూలర్ వలయంలో నీళ్లు తిరగకపోయినా ఆ ముల్లు కదలదు. ఎర్ర దీపం వెలగకపోవచ్చు, ఆవిరి రాదు, కింద చుక్క పడదు. లోపలికి వచ్చే గాలి వేడిని చూసి ఇంజన్ కంప్యూటర్ ఇంజన్‌ను కాపాడటానికి స్పార్క్ సమయాన్ని వెనక్కి జరిపి, బూస్ట్ తగ్గించేస్తుంది. మనకు తెలిసేది బండి నీరసం ఒక్కటే.

తిరిగొచ్చాక స్కానర్ తగిలించి అతన్ని వంతెన ఎక్కించమన్నాను. ఇన్‌టేక్ గాలి వేడి 70 దాటి ఇంకా పెరుగుతూనే ఉంది. బండి ఆపి బానెట్ ఎత్తి రెండు పైపులు తాకి చూశాను. ఇంటర్‌కూలర్ దగ్గరి పైపు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ముందు రేడియేటర్ దగ్గరిది చల్లగా ఉంది. ఇంజన్ ఆపాక కూడా కాసేపు పనిచేసే పంపు గరగరమంటూ తిరుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం కదలడం లేదు. గాలి పట్టింది.

ఊళ్లో పొలం మోటారు నడిపినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఫుట్‌వాల్వు కారి గొట్టంలో నీళ్లు దిగిపోతే మోటారు ఎంత వేగంగా తిరిగినా చుక్క రాదు. మళ్లీ బిందెతో నీళ్లు పోసి, గాలంతా పోయాక స్విచ్ వెయ్యాల్సిందే. కారులోని ఈ చిన్న పంపుదీ అదే జాతి. దాని రెక్క నీటిని విసరగలదు, గాలిని విసరలేదు. పైగా లోపలి బేరింగుకు ఆ కూలెంటే తడీ చల్లదనమూ. ఎండుగా తిరిగితే అరిగిపోతుంది. ఇక వేడిని మోసే లెక్క చూస్తే, ఒక లీటరు నీరు మోసే వేడి మొయ్యాలంటే మూడు వేల లీటర్ల పైగా గాలి కావాలి. ఇంటర్‌కూలర్ మూలలో పిడికెడు గాలి బుడగ నిలిచినా ఆ మేరకు ఆ లోహం పనికిరానట్టే.

నాకు ఈ పని మీద మక్కువ. ఇందులో బలం చూపించేది ఏమీ లేదు, చూపూ చెవీ ఉంటే చాలు. బండి పూర్తిగా చల్లారాక ముందు చక్రాలను ర్యాంపు మీదికెక్కించి, డబ్బా మూత దగ్గర గరాటు బిగించి, సన్నటి ధారగా పోస్తాను. ఒక్కసారిగా కుమ్మరిస్తే దిగే నీరే పైకొచ్చే గాలికి అడ్డం పడుతుంది. ఇంటర్‌కూలర్ పైన ఎయిర్ స్క్రూ ఉన్న బండి అయితే దాన్ని రెండు చుట్లు వదులు చెయ్యాలి. మొదట బుస్సుమని గాలి వస్తుంది. తర్వాత గులాబీ రంగు నురగ తుప్పరగా చిమ్ముతుంది. ఆ పైన ధార మొదలై, మధ్యమధ్య తెగుతూ, ప్రతి తెగుపుకూ ఒక బుడగ పగులుతుంది. ఇక్కడే చాలామంది స్క్రూ బిగించేస్తారు. ధార ఎక్కడా తెగకుండా గాజుకడ్డీగా నిలిచేదాకా ఆగాలి. తర్వాత ఇంజన్ వెయ్యకుండా పంపును మాత్రం తిప్పాలి. కొన్ని బండ్లలో స్కానర్‌తో ఆ వీలుంది. రబ్బరు పైపులను నొక్కి వదులుతూ డబ్బాలోకి టార్చి వేసి చూస్తే మట్టం వణుకుతుంటుంది. ఉన్నట్టుండి గుటక వేసిన చప్పుడు, మట్టం రెండు వేళ్లు కిందికి. ఎక్కడో చిక్కుకున్న బుడగ బయటపడిందన్నమాట. మళ్లీ పోస్తాం, మళ్లీ వింటాం. పంపు గరగర తగ్గి, చెవి ఆనిస్తే తప్ప వినపడనంత మెత్తబడితే పని దారిలో పడినట్టు. మా బావమరిది బండికి ఇలాగే చేశాం. అదే వంతెన మీద, అదే మిట్టమధ్యాహ్నం, ఇన్‌టేక్ వేడి బయటి ఎండకు పదిహేను డిగ్రీల పైన నిలబడిపోయింది.

వ్యాక్యూమ్ పరికరం ఉన్న షెడ్డులో ఇంత కష్టం లేదు. కంప్రెసర్ సాయంతో వలయంలోని గాలిని ముందే లాగేస్తారు. రబ్బరు పైపులు చప్పిడై లోపలికి అతుక్కుపోతాయి. ముల్లు 0.8 బార్ దగ్గర కదలకుండా నిలిస్తే ఎక్కడా లీకు లేదని కూడా తేలిపోతుంది. అప్పుడు వాల్వు తిప్పితే కూలెంటే క్యాను నుంచి ఎగబడి లోపలికి పోతుంది. ఈ బండ్లు చేసే ప్రతి మెకానిక్ దగ్గరా ఇది ఉండాలని నా అభిప్రాయం. ఇందులో గాలి బయటికి వచ్చేదాకా కాచుకోవడం ఉండదు, గాలిలో చాలా భాగం ముందే పోతుంది.

కూలెంట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కంపెనీ పుస్తకంలో రాసిన రకమే, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కదా అని బోరు నీళ్లు పోసేవాళ్లున్నారు. కూలెంట్ పని తుప్పు ఆపడం కూడా. బోరు నీటిలోని సున్నం ఇంటర్‌కూలర్ సన్నటి దారుల్లో పేరుకుంటే ఎంత గాలి తీసినా లాభం లేదు. వేడి మీద మూత తియ్యకండి. కింద ఒలికినదాన్ని వెంటనే కడిగెయ్యండి. కూలెంట్‌లోని ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు.

నేను బాధపడేది ఒక్క విషయానికే. బిల్లులో రేడియేటర్‌కు ధర ఉంటుంది, కూలెంట్‌కు ధర ఉంటుంది, ఆ స్క్రూ దగ్గర ఓపిగ్గా నిలబడ్డ సమయానికి ఉండదు. మెకానిక్ ఎంత మంచివాడైనా, బయట నాలుగు బండ్లు క్యూలో ఉండి ఫోన్‌లో ఓనరు "అయిపోయిందా" అని అడుగుతుంటే, నురగ ధారగా మారేదాకా ఆగడం కష్టం. కాబట్టి ముందు రేడియేటరో, పైపో, పంపో మార్పించినప్పుడు బండిని సాయంత్రమే ఇమ్మని తొందరపెట్టకండి. ఒక రాత్రి షెడ్డులోనే ఉంచండి. పొద్దున చల్లటి ఇంజన్ మీద మట్టం చూసి తగ్గినంత పొయ్యమనండి. స్కానర్‌లో ఇన్‌టేక్ వేడి చూపించమని అడగండి. గాలి తీసినందుకు కూలి విడిగా అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.