627వ బండి

పాత బండి చేతులు మారేటప్పుడు ఛాసిస్ నంబరు మీద పలుచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం మన ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. ముందు గ్రీజు తుడవాలి, తుప్పు గీకాలి, తర్వాత పెన్సిల్‌ను పక్కకు వాల్చి నెమ్మదిగా రుద్దాలి. లోహంలో దిగబడిన అంకెలు నల్లటి మరకలో తెల్లగా పైకి తేలతాయి. పాత రేసు మోటారు సైకిళ్ల పుట్టుపూర్వోత్తరాలు వెతికేవాళ్లు ఏ దేశంలో ఉన్నా మొదట వంగి చూసేది ఆ అంకెల కోసమే. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న బండి అయితే నంబరు దొరకగానే సగం పని అయిపోతుంది. ఒక మనిషి ఏళ్ల తరబడి తన చేతులతో మార్చి మార్చి కట్టుకున్న రేసు బండి అయితే, అసలు పని నంబరు దొరికాకే మొదలవుతుంది.

న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ అనే పట్టణం ఉంది. అక్కడ ఈ. హేస్ అనే హార్డ్‌వేర్ దుకాణంలో, మేకులూ సుత్తులూ అమ్మే అరల నడుమ, వేగంలో రికార్డులు పెట్టిన బర్ట్ మన్రో బండి ఉంది. దాని ఇంజిన్ నంబరు 50ఆర్627. అంటే ఇండియన్ కంపెనీ తయారుచేసిన స్కౌట్ మోడల్‌లో 627వ బండి. 1920లో, ఇరవయ్యొక్కేళ్ల వయసులో మన్రో దాన్ని కొన్నాడు. 600 సీసీ ఇంజిన్, గంటకు 88 కిలోమీటర్ల వేగం. కంపెనీ ఇచ్చింది అంతే.

ఇండియన్ అన్న పేరు చూసి మన దేశంతో చుట్టరికం కలపనక్కర్లేదు. అది అమెరికా ఆదివాసులను తలచి పెట్టుకున్న పేరు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జార్జ్ హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ కలిసి 1901లో ఈ బండ్లకు శ్రీకారం చుట్టారు. స్కౌట్‌కు రూపమిచ్చినవాడు మాత్రం డబ్లిన్ నుంచి వెళ్లిన ఇంజనీరు, చార్లెస్ ఫ్రాంక్లిన్. అతను స్వయంగా రేసు రౌతు. 1911లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ పోటీలు తొలిసారి కొండదారికి మారినప్పుడు సీనియర్ రేసులో మొదటి మూడు స్థానాలూ ఇండియన్ బండ్లకే దక్కాయి. ఆలివర్ గాడ్‌ఫ్రే మొదటివాడు, ఫ్రాంక్లిన్ రెండు, ఆర్థర్ మూర్‌హౌస్ మూడు. నిజానికి రెండో స్థానంలో గీత దాటింది మ్యాచ్‌లెస్ మీద వచ్చిన చార్లీ కాలియర్. అనుమతి లేని చోట పెట్రోలు పోయించుకున్నాడని అతన్ని పక్కన పెట్టారు. ఆ రోజుల్లో బ్రిటిష్ బండ్లలో చాలావాటికి చక్రాన్ని తిప్పేది బెల్టు. ఇండియన్‌కు గొలుసు, రెండు గేర్లు ఉండేవి. స్నేఫెల్ కొండ ఎక్కేచోట బెల్టు జారుతుంది, గొలుసు జారదు.

ఆ కొండ ఎక్కిన మనిషి తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ చేరి స్కౌట్ గీశాడు. ఇంజిన్ నుంచి గేరు పెట్టెకు శక్తిని పంపడానికి గొలుసు కూడా వద్దనుకుని, నూనెలో మునిగి తిరిగే ఏటవాలు పళ్ల గేర్లు పెట్టాడు. స్కౌట్‌కు అరుగుదల లేదని కంపెనీ ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేది. 627వ బండిని కొన్న కుర్రాడు మాత్రం దాన్ని అరగదీసి, విరగ్గొట్టి, మళ్లీ పోతపోసి, ఇంకో అర్ధ శతాబ్దం దానితోనే గడిపాడు.

మార్పులు 1926లో మొదలయ్యాయి. పగలు మోటారు సైకిళ్లు అమ్మే ఉద్యోగం, రాత్రి సొంత బండి మీద పని. చేతిలో డబ్బు లేదు కాబట్టి విడిభాగాలు కొనే మాటే లేదు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి పిస్టన్లు పోతపోశాడు. పారేసిన పోత ఇనుప గ్యాస్ గొట్టాలను తొలిచి సిలిండర్లు చేశాడు. ట్రాక్టర్ ఇరుసు ఉక్కును ఆకురాయితో అరగదీసి కనెక్టింగ్ రాడ్లు తీశాడు. కొలత చూసుకోవడానికి మైక్రోమీటర్ బదులు పాత చక్రం చువ్వ వాడాడు. ఫ్యాక్టరీ ఇంజిన్‌లో వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవి. వాటిని పైకి మార్చి, అందుకు తగిన హెడ్లూ తనే చేసుకున్నాడు. 600 సీసీ ఇంజిన్ 1962 నాటికి 850, 1966కి 920, 1967కి 950 సీసీ అయింది.

మన పట్టణాల్లో లేత్ షాపుల ముందు నిలబడి, ఇంజిన్ బోరు కొట్టించుకున్నవాళ్లకు ఈ అంకెల బరువు తెలుస్తుంది. బోరు పెంచితే గోడ పలచబడుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. మన్రో పిస్టన్లు ఎన్నోసార్లు కరిగాయి, పగిలాయి. విరిగిన ముక్కను పారేయలేదు. గ్యారేజీ గోడకున్న అరలో వరసగా పేర్చి, వేగదేవుడికి నైవేద్యాలు అని అర్థం వచ్చేలా దాని మీద రాసి పెట్టాడు. రోజర్ డొనాల్డ్‌సన్ 1970ల తొలినాళ్లలో మన్రో మీద తీసిన డాక్యుమెంటరీకి ఆ మాటలే పేరయ్యాయి. ఆంథొనీ హాప్కిన్స్ మన్రోగా నటించిన కథాచిత్రాన్ని ఆ దర్శకుడే 2005లో తీశాడు.

బండి పుట్టుక వెతికేవాళ్లకు ఆ అరను మించిన దస్తావేజు ఉండదు. నంబరు ఒక్క రోజు సంగతి చెబుతుంది, ఈ బండి ఫలానా ఫ్యాక్టరీ గడప ఫలానా వరసలో దాటింది అని. అరలోని ముక్కలు నలభై ఏళ్ల సంగతి చెబుతాయి. ఎక్కడ లోహం ఓడిపోయింది, ఆ తర్వాత ఎక్కడ మందం పెంచాడు, ఎప్పుడు మిశ్రమం మార్చాడు అన్నదంతా వాటిలో చదువుకోవచ్చు. ఆకురాయి గీతలు మరలాగా ఒకే తీరున ఉండవు, చేయి ఎటు వాలితే అటు వాలతాయి. పోత పోసిన ముక్క మీద అచ్చు గరుకు మిగిలిపోతుంది. అసలు బండిని నకలు నుంచి వేరుచేసేవి ఇలాంటి ఆనవాళ్లే. సినిమా కోసం చేసిన నకళ్లు కూడా లోకంలో ఉన్నాయి కాబట్టి, ఇంకో వందేళ్లకు ఈ ఆనవాళ్ల విలువ ఇంకా పెరుగుతుంది.

నదీ మూలం, ఋషి మూలం అడగకూడదని మనవాళ్లంటారు. చేతితో కట్టిన రేసు బండి కూడా నది లాంటిదే, ఎన్నో పాయలు వచ్చి కలుస్తాయి. కానీ ఇక్కడ అడిగి తీరాలి. బ్రిటన్‌లో 1950లలో పుట్టిన ట్రైటన్లనే చూడండి. ఫ్రేము నార్టన్‌ది, ఇంజిన్ ట్రయంఫ్‌ది. రెండు నంబర్లూ ఒకదానితో ఒకటి పొసగవు. తెలియనివాళ్లు దాన్ని దొంగబండి అనుకోవచ్చు, లేదా అతుకుల బొంత అనవచ్చు. కథ వెనక్కి వెళితే బెల్‌ఫాస్ట్ చేరతాం. అక్కడ రెక్స్ మెక్‌క్యాండ్లెస్ రూపొందించిన ఫ్రేముతో 1950 టీటీలో నార్టన్ జట్టు జూనియర్, సీనియర్ రేసులు రెండూ గెలిచింది, జూనియర్‌లో ఆర్టీ బెల్, సీనియర్‌లో జెఫ్ డ్యూక్. కూర్చుంటే ఈకల పరుపు మీద ఉన్నట్టుందని ఒక రౌతు అన్నందుకు ఆ ఫ్రేముకు ఫెదర్‌బెడ్ అన్న పేరు స్థిరపడింది.

అదే కాలంలో 500 సీసీ చిన్న రేసు కార్లు కట్టేవాళ్లకు నార్టన్ మ్యాంక్స్ ఇంజిన్ కావాల్సి వచ్చింది. కంపెనీ ఇంజిన్ విడిగా అమ్మేది కాదు. దాంతో వాళ్లు బండి మొత్తం కొని, ఇంజిన్ ఊడదీసుకుని కారులో బిగించుకునేవారు. గుండె తీసేసిన మంచి మంచి ఫ్రేములు అలా చవగ్గా మిగిలిపోయేవి. వాటిలో ట్రయంఫ్ రెండు సిలిండర్ల ఇంజిన్ పెట్టాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. డేవ్ డీజెన్స్ తన డ్రెస్డా దుకాణంలో కట్టిన ట్రైటన్ మీద, రెక్స్ బుచర్‌తో కలిసి 1965లో బార్సిలోనా మోంజూయిక్ 24 గంటల రేసు గెలిచాడు. పెద్ద కంపెనీల నడుమ ఒక చిన్న షాపు బండి గెలిచిన రేసు అది. నంబర్లు పొసగకపోవడం ఇలాంటి బండికి లోపం కాదు, దాని జన్మపత్రిక.

అందుకే నంబర్లు కలిశాయా లేదా అన్న ఒక్క ప్రశ్నతో పాత రేసు బండికి వెల కట్టే అలవాటు బాధ కలిగిస్తుంది. కలవని నంబర్లు చూసి, ఎవరో ఫ్యాక్టరీ ఫ్రేము వెతికి తెచ్చి, కొత్త రంగు కొట్టి, పాత వెల్డింగు మచ్చలను నున్నగా గీకేస్తారు. ఒక మనిషి రాత్రుళ్ల కష్టం ఆ పొడిలో రాలిపోతుంది. ఇన్వర్‌కార్గిల్ బండికి ఆ గతి పట్టలేదు. 1977లో పక్షవాతం వచ్చి చేతులు పట్టు తప్పాక, తన బండ్లు ఆ ప్రాంతం విడిచి పోకూడదన్న కోరికతో మన్రో వాటిని ఊళ్లోని నార్మన్ హేస్‌కు అమ్మాడు. 1978 జనవరిలో కన్నుమూశాడు.

కాగితాల్లోనూ ఒక ముక్క మిగిలి ఉంది. అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పు మైదానంలో మన్రో 1962లో గంటకు 288 కిలోమీటర్లతో మొదటి రికార్డు పెట్టాడు. 1967లో, అరవయ్యెనిమిదేళ్ల వయసులో, అర్హత పరుగులో ఒకవైపు 305 కిలోమీటర్లు దాటాడు. ఆ ఏడాది 1000 సీసీ తరగతిలో అతని రికార్డు గంటకు 183.586 మైళ్లని పుస్తకాల్లోకి ఎక్కింది. ఇలాంటి రికార్డుకు ఒక పరుగు చాలదు. అటు ఒకసారి, ఇటు ఒకసారి వెళ్లి, రెండింటి సగటు తీయాలి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత మన్రో కొడుకు జాన్ పాత కాగితాలు ముందేసుకుని ఆ లెక్క మళ్లీ వేశాడు. ఉత్తరానికి 184.710, దక్షిణానికి 183.463. రెండూ కలిపి సగం చేస్తే 184.087 రావాలి. కూడికలో ఎక్కడో తప్పు దొర్లింది. ఆయన అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్‌కు రాశాడు. 2014లో వాళ్లు ఆ అంకె దిద్దారు.