ఎంత వదలాలో తెలిసిన చెయ్యి

లారీ చక్రం ఊడి రోడ్డు మీద దొర్లిందంటే అందరూ ముందు వీల్ బోల్టుల వంక చూస్తారు. కొన్నిసార్లు బోల్టులన్నీ గట్టిగానే ఉంటాయి. చక్రం, డ్రమ్ము, హబ్బు మొత్తం కలిసి యాక్సిల్ మీంచి జారిపోయి ఉంటాయి. తప్పు లోపల, బేరింగు దగ్గర జరిగి ఉంటుంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1992లో లారీ చక్రాలు ఊడిపోవడం మీద ప్రత్యేక నివేదిక ఇచ్చింది. అందులో ప్రధానంగా కనిపించిన కారణాలు రెండు: వీల్ నట్ల బిగింపు సరిగ్గా లేకపోవడం, బేరింగులు పాడవడం. మొదటి దాని గురించి డ్రైవర్లకు బాగా తెలుసు. రెండోది మూత కింద, గ్రీజు మధ్య ఉంటుంది కాబట్టి అది మెకానిక్ చేతికే తెలియాలి.

లారీ హబ్బులో ఉండేవి టేపర్ రోలర్ బేరింగులు. గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ 1898లో వీటికి పేటెంటు తీసుకున్నాడు. బండి మలుపు తిరిగినప్పుడు చక్రం మీద పక్కనుంచి వచ్చే ఒత్తిడి ఆయన్ని ఆలోచింపజేసింది. రోలర్లను ఏటవాలుగా చెక్కితే పైనుంచి వచ్చే బరువును, పక్కనుంచి వచ్చే తోపును ఒకే బేరింగు మోస్తుంది. హబ్బులో ఇలాంటివి రెండు, సన్నటి కొసలు ఎదురెదురుగా ఉండేలా కూర్చుంటాయి. బయటి బేరింగు కోన్‌ను, అంటే రోలర్లు ఉండే లోపలి కంకణాన్ని, యాక్సిల్ నట్టు లోపలికి నెడుతుంది. నట్టు ఎంత తిప్పితే రోలర్లకూ, వాటి చుట్టూ ఉండే కప్పు అనే బయటి కంకణానికీ మధ్య సందు అంత తగ్గుతుంది. చక్రం బతుకంతా ఆ సందులోనే ఉంది.

నట్టు ఎక్కువ బిగిస్తే రోలర్లు నలుగుతాయి, వేడెక్కుతాయి. గ్రీజు పలచబడి కారిపోతుంది, ఇనుము నీలం రంగుకు తిరుగుతుంది, చివరికి బేరింగు పట్టేసి యాక్సిల్ కొననే కొరికేస్తుంది. తక్కువ బిగిస్తే చక్రం ఊగుతుంది, భారమంతా కొన్ని రోలర్ల మీదే పడుతుంది, ఆయిల్ సీలు నలిగి గ్రీజు బ్రేకు లైనింగుల మీదికి చేరుతుంది. మన దేశంలో 2018లో రెండు యాక్సిళ్ళ లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. అంత బరువున్న బండి చక్రం దగ్గర కొలత తప్పితే క్షమించేది ఉండదు.

విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల హబ్ పని నేర్చుకునే కుర్రాడికి ముందు అప్పగించేది కిరోసిన్ డబ్బా, బ్రష్షు. అది చిన్న పని కాదు. పాత గ్రీజంతా కడిగితేనే కప్పు మీద పెచ్చులు లేచాయో, గుంటలు పడ్డాయో కనిపిస్తుంది. కడిగిన బేరింగును గాలి పైపుతో గిరగిరా తిప్పడం సరదాగా ఉంటుంది గానీ ప్రమాదం. గ్రీజు లేకుండా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, రోలరు ఊడితే కంటికి తగులుతుంది. కోన్ మారిస్తే కప్పు కూడా మార్చాల్సిందే. పాత కప్పు మీద కొత్త రోలర్లు నడిపితే మిగిలేది పైసలు కాదు, రెండోసారి పని. కప్పును హబ్బులోకి దించేటప్పుడు నేరుగా సుత్తి దెబ్బ వేయకూడదు. మెత్తటి లోహపు కడ్డీ ఆనించి, చుట్టూ సమానంగా కొడుతూ అడుగు తగిలేదాకా దించాలి. అడుగు తగిలితే చప్పుడు మారుతుంది. మంచి మేస్త్రి దాన్ని చెవితోనే పట్టుకుంటాడు. గ్రీజును అరచేతిలో పెట్టుకుని, రోలర్ల లావు కొస వైపు నుంచి ఒత్తుతూ లోపలికి ఎక్కించాలి. పైపైన పూస్తే సరిపోదు.

ఇక నట్టు. ఇక్కడే పనితనం ఉంది. నట్టు బిగించేటప్పుడు హబ్బు తిరుగుతూనే ఉండాలి. నిలబెట్టి బిగిస్తే రోలర్లు సర్దుకోక వంకరగా ఇరుక్కుంటాయి. చేతికి గట్టిగా అనిపించినా అది దొంగ బిగింపు, కొంత దూరం పోతే వదులైపోతుంది. అమెరికా లారీ సంఘాల సాంకేతిక మండలి సిఫారసు చేసే పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే ప్రతి మెట్టుకూ కారణం ఉంది. హబ్బును తిప్పుతూ నట్టును 270 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. అంటే మీటరు పొడవున్న పానా కొసన 27 కిలోల బరువు వేసినంత. దీంతో రోలర్లన్నీ తమ చోటికి చేరతాయి. తర్వాత పూర్తిగా ఒక చుట్టు వదలాలి. మళ్ళీ తిప్పుతూ 68 న్యూటన్ మీటర్లకు తేవాలి. ఇక్కడ బలం పావు వంతే. ఆపైన మరల పిచ్‌ను బట్టి, యాక్సిల్‌ను బట్టి చుట్టులో ఆరో వంతు నుంచి సగం దాకా వెనక్కి వదలాలి.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఎందుకంటే చేతికి బాగానే అనిపిస్తుంది. కానీ లాక్ వాషరు వేసి లాక్ నట్టు బిగించగానే అది లోపలి నట్టును ముందుకు నెడుతుంది. మరల మధ్య ఉన్న సందు మూసుకుని, వదిలిన దానిలో కొంత మాయమవుతుంది. అందుకే కొలత లాక్ నట్టు బిగించాకే తీయాలి. అయస్కాంతం ఉన్న డయల్ గేజ్ పెట్టి, హబ్బును రెండు పక్కలా పట్టుకుని అటూ ఇటూ కదిలిస్తూ లోపలికి తోసి, బయటికి లాగి చూడాలి. ముల్లు 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్ల మధ్య ఆగాలి. మనిషి వెంట్రుక మందం ఇంచుమించు 0.07 మిల్లీమీటర్లు. అంత సన్నటి ఖాళీని ఎంత అనుభవం ఉన్న చెయ్యి అయినా కచ్చితంగా చెప్పలేదు. ముల్లు ఆ హద్దులు దాటితే మళ్ళీ విప్పి మొదటి నుంచీ చేయాలి. ప్రతి మోడలుకూ తయారీ సంస్థ మాన్యువల్ వేరే అంకెలు ఇవ్వొచ్చు. ఆ అంకెదే ఆఖరి మాట.

చేతి నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రోలర్లు సర్దుకున్నాయో లేదో, గ్రీజులో ఇసుక రేణువు మిగిలిందో లేదో ముందు తెలిసేది చేతికే. గేజ్ దాన్ని చెప్పదు. కానీ గేజ్ చెప్పేది చెయ్యి చెప్పలేదు. ఒకటి ఉంది గనక రెండోది వద్దనే షాపులో పని సగమే జరుగుతుంది. గాలి తుపాకీతో దఢదఢమని నట్టు బిగించే షాపులో ఆ సగం కూడా జరగదు. ఎయిర్ గన్నుకు ఈ నట్టు దగ్గర పనే లేదు. ఉలి ఆనించి సుత్తితో నట్టు తిప్పే అలవాటు కూడా పోవాలి. నట్టు ముఖం చెడిపోతుంది, లోహపు రజను గ్రీజులో పడుతుంది.

చిన్న బండ్లలో స్ప్లిట్ పిన్ను పెట్టే నట్టు ఉంటుంది. రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలని చెయ్యి ఉబలాటపడుతుంది. అక్కడ బిగించకూడదు, వెనక్కి వదిలి తర్వాతి గాడిలో కలపాలి. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి.

కొత్త బేరింగులు వేసిన బండి మొదటి లోడుతో బయల్దేరాక, ధాబా దగ్గర మొదటిసారి ఆగినప్పుడు డ్రైవరు ఒక్కో చక్రం హబ్బు దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి వేడి చూడాలి. అన్నీ వెచ్చగా ఉండడం మామూలే. ఒక్కటి మాత్రం మిగతావాటికంటే బాగా కాలుతుంటే ముందు బ్రేకు పట్టేసిందేమో చూడాలి. బ్రేకు వదులుగానే ఉంటే బండిని అక్కడే నిలిపి, జాకీ వేసి, కింద స్టాండు పెట్టి, ఆ నట్టును మళ్ళీ విప్పాలి.