తుప్పు వదిలించే చేతులు

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పాత ఇళ్ల వసారాల్లో ఏళ్లుగా కదలని అలాంటి కారును మళ్లీ లేపాలంటే మంచి మెకానిక్ ముందుగా ఇంజను జోలికి పోడు. పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూస్తాడు. వార్నిష్ వాసన కొట్టిందా, లోపలి పెట్రోలు చెడిపోయినట్టే.

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగుకు దిగుతుంది. సముద్రపుగాలి సోకే ఊళ్లలో ఆ తేమకు కొదవేముంది? ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ కూడా నీటిని పీల్చుకుంటుంది.

అతను ట్యాంకు దించి, మురికి వంచేసి, గుప్పెడు నట్లు వేసి సబ్బునీళ్లు పోసి చేతులు పీకేదాకా ఊపుతాడు. ఎర్రనీళ్లు తేటపడేవరకూ కడుగుతాడు. మొండి తుప్పయితే వెనిగర్ నింపి రాత్రంతా ఉంచి, వంటసోడా నీళ్లతో ఆ పులుపు విరుస్తాడు. ఇక ఆరబెట్టడం. నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఈ ఓపికే: చుక్క తడి మిగిలినా మళ్లీ తుప్పే కదా! కడిగిన ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి దాగి ఉండొచ్చని తెలిసినవాడు గనుక దాని దరిదాపుల్లోకి మంట రానివ్వడు. ఆ తర్వాతే కొత్త ఫిల్టరు, కార్బురేటర్ శుభ్రం.

మీ వసారాలో అలాంటి కారుంటే తాళం తిప్పకండి. ముందు అతన్ని పిలవండి.