వినే చెవి లేని పాఠం

మా చెల్లెలి కూతురు మూడో తరగతి. వాచకంలో పాఠం పక్కన క్యూఆర్ కోడ్. దానికి ఫోను చూపిస్తే చాలు, ‘దీక్ష’లోంచి పాఠం బొమ్మలతో సహా వచ్చేస్తుంది. 2017లో మొదలైన ఏర్పాటిది. బొమ్మలు బాగున్నాయి, గొంతూ బాగుంది. కానీ “ఇక్కడ ఒత్తు ఎందుకు పెద్దమ్మా?” అని పిల్ల అడిగేసరికి పాఠం ముందుకెళ్ళిపోయింది. దానికి వినే చెవి లేదు కదా!

అసర్ సర్వే ప్రకారం 2018లో దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో 27.3 శాతం రెండో తరగతి పాఠం చదవగలిగారు. బడులు మూసి, ఫోన్ల మీద పాఠాలు నడిపాక, 2022లో 20.5 శాతమే. నేరమంతా ఫోనుది కాదు. చాలా ఇళ్ళల్లో పిల్లలకు ఫోనే అందలేదు. అందినచోట మాత్రం పక్కన ఎవరు కూర్చున్నారు?

మేమైతే బొమ్మ ఆపి పలక తీశాం. ఒత్తు ఆ సాయంత్రమే వచ్చింది.