జరాదౌర్బల్య కొలమానాలు – కొండపల్లి వృద్ధులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

తుంటి ఎముక విరిగిన వృద్ధులలో, శస్త్రచికిత్స జరిగినా ఏడాదిలోగా మరణించేవారు పలు దేశాల అధ్యయనాలలో సుమారు 20 నుండి 30 శాతం. ఎవరు బ్రతికి బయటపడతారన్నది వయస్సు ఒక్కటే చెప్పలేదు. పడకముందు దేహంలో ఎంత సత్తువ మిగిలి ఉందన్నది ముఖ్యం. ఆ సత్తువ తరిగిపోయిన స్థితినే ఇక్కడ జరాదౌర్బల్యం అంటున్నాను. దానిని కొలిచే పాశ్చాత్య సాధనాలను కొండపల్లి వంటి ఊరికి తెచ్చినప్పుడు అవి నిజంగా దేనిని కొలుస్తున్నాయన్నది పరిశీలించవలసి ఉంది.

2001లో అమెరికాలో ఫ్రీడ్ బృందం ఐదు లక్షణాలను ప్రతిపాదించింది: అకారణంగా బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, శారీరక శ్రమ తగ్గడం. మూడు ఉంటే దౌర్బల్యం ఉన్నట్లు. కాలు విరిగి మంచం పట్టిన మనిషి నడకను కొలవడం ఎలాగూ కుదరదు. ఇక పిడికిలి పట్టు. తెల్లపొణికి కర్రను ఉలితో చెక్కుతూ జీవితం గడిపిన బొమ్మల కళాకారునికి చేతిబలం చివరిదాకా నిలిచి, తొడకండరాల క్షీణతను కప్పిపుచ్చవచ్చు. అలసట ప్రశ్న మరీ చిక్కు. “ఓపిక లేదు” అన్న మాటలో దేహశక్తి ఉడగడమూ ఉంది, సహనం నశించడమూ ఉంది. ఏ అర్థానికి మార్కు వేయాలి?

కెనడాలో రాక్‌వుడ్ బృందం 2005లో రూపొందించిన శ్రేణి ఇంతకంటే ఉపయోగకరం. ఇది రోగి పూర్వస్థితిని మాటల ద్వారా అంచనా వేస్తుంది కనుక ఎముక విరిగాక కూడా వాడవచ్చు. అయితే డబ్బు వ్యవహారాలకూ ప్రయాణానికీ ఇతరుల సాయం కావడం అందులో స్వల్ప దౌర్బల్యానికి గుర్తు. బ్యాంకు గుమ్మం ఏనాడూ తొక్కని, కొడుకు వెంట లేనిదే బెజవాడ వెళ్లని ముసలమ్మ ఇంటిల్లిపాదికీ వండి పెడుతూ ఉండవచ్చు. ఆమెది దౌర్బల్యం కాదు, ఇంటి పనివిభజన. యాంత్రికంగా ఫారం నింపేవారికి ఈ తేడా కనబడదు.

2008 నాటి నాటింగ్‌హామ్ స్కోరు శస్త్రచికిత్స తరువాత 30 రోజులలో మరణావకాశాన్ని లెక్కిస్తుంది. అందులో ఒక అంశం జ్ఞాపకశక్తి పరీక్ష. దానికి ఆధారం హాడ్కిన్‌సన్ 1972లో ఇచ్చిన పది ప్రశ్నలు. వాటిలో పుట్టిన తేదీ, మొదటి ప్రపంచయుద్ధం జరిగిన సంవత్సరం, ప్రస్తుత రాజు లేదా రాణి పేరు ఉన్నాయి. కృష్ణా పుష్కరాలతో వయస్సు లెక్కించుకునే తరానికి ఇది మతిమరుపు పరీక్ష కాదు, చదువు పరీక్ష. (రాణి స్థానంలో ప్రధానమంత్రిని పెట్టినంతమాత్రాన అనువాదం పూర్తికాదు.) ఈ అంశాన్ని ఉన్నది ఉన్నట్లు వాడరాదని నా అభిప్రాయం.

ఇది పదాల పట్టింపు కాదు. కేసు షీటు మీద పెద్ద అంకె పడితే “ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులెండి” అన్న మాటకు శాస్త్రీయత వచ్చినట్లవుతుంది. శస్త్రచికిత్స లేకుండా మంచానికే పరిమితమైతే నొప్పి, పుండ్లు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తప్పించుకోవడం కష్టం. అంకె పెద్దదైనప్పుడు పోషకాహారం, వృద్ధవైద్యుని పర్యవేక్షణ, త్వరగా లేపి నడిపించడం పెరగాలి తప్ప, చికిత్స తగ్గరాదు.

అందుచేత అనువాదకునికంటే ముందు కోడలినో కొడుకునో అడగవలసిన ప్రశ్నలు సిద్ధం కావాలి: పడడానికి రెండు వారాల ముందు పీట మీద నుండి చేతి ఊతం లేకుండా లేచేవారా? బిందెడు నీళ్లు మోసేవారా? గడప దాటడానికి గోడ పట్టుకునేవారా? ఈ ఏడాదిలో రవికలు వదులయ్యాయా?