దాహం తెలిసిన రాళ్లు

చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో నిలబడి ఎటు చూసినా గుట్టలే, బండలే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతుకు ఈదే నేల ఇది. ఈ నేల మీద కోటలై, మసీదులై, మిద్దెలై లేచిన రాళ్లారా, మీకు దండం!

పెనుకొండా, ముందు నీకు. బుక్కరాయలు నిన్ను కొడుకు వీర విరుపణ్ణ చేతిలో పెట్టిన సంగతి 1354 నాటి శాసనం చెబుతుంది. 1565లో రక్కసి తంగడి పోరులో అళియ రామరాయలు కూలాడు, విజయనగరం మంటల పాలైంది. మిగిలిన రాజ్యాన్ని వెంటబెట్టుకుని తిరుమలరాయలు నీ దగ్గరికే వచ్చాడు. ఓడి వచ్చినవాళ్లకు నీడనిచ్చి రాజధానివయ్యావు. ఏ సుల్తానులతో రాయలు తలపడ్డారో వాళ్ల సీమ కమానులే నీ గగన్ మహల్‌లో కింద వంపు తిరిగాయి. పైన మాత్రం గుడి విమానంలా శిఖరం లేచింది. కత్తులు కలవలేని చోట కాసెపనివాళ్ల చేతులు కలిశాయి. ఆ చేతులకు దండం!

నీ వీధుల్లో పార్శ్వనాథుడి బసది ఉంది, షేర్‌ఖాన్ మసీదు ఉంది, బాబయ్య స్వామి దర్గా ఉంది. ఉరుసు వచ్చిందంటే ఏ కులమని, ఏ మతమని అడిగేవాళ్లు ఉండరు. బెల్లం చదివింపులు చేయించుకున్న తల్లి ఆ ముక్కను పక్కనున్న బిడ్డ నోట్లో పెడుతుంది. వాడు ఎవరి బిడ్డో ఆమెకు అక్కర్లేదు.

గుత్తి దుర్గమా, నువ్వు నేర్పిన పాఠం కఠినం. మురారిరావు ఘోర్పడే నిన్ను నమ్ముకుని హైదర్ అలీకి ఎదురు నిలిచాడు. బండల మీద బండ, బురుజు మీద బురుజు, నిన్ను ఎక్కడం శత్రువు తరం కాలేదు. 1776లో నీళ్లు అడుగంటాయి. ఫిరంగులకు వంగని కోట దాహానికి తలవంచింది. ఈ సీమలో గోడ ఎంత ఎత్తని కాదు, బావి ఎంత లోతని అడగాలి. నిన్ను కట్టినవాళ్లకు అది తెలుసు. అందుకే బండలు తొలిచి బావులు, దొనలు చేసుకున్నారు.

హిందూపురం బజారు మిద్దెల్లారా, మీకూ దండం! రాజులు పోయాక ఊళ్లను నిలబెట్టింది బెల్లం మండీలు, చింతపండు మూటలు, అప్పిచ్చి ఆదుకున్న శెట్ల లెక్కల పుస్తకాలు. రాతి కూసాల మీద దూలాలు, దూలాల మీద చవుడు మిద్దె, నడుమ వెలుగు దించే గవాక్షి. బయట నిప్పులు చెరిగే ఎండలో లోపల చల్లదనం. బండి దిగిన రైతు బేరానికి ముందు అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగేవాడు. ఆ చెంబు ఈ నేల మర్యాద.

బుక్కరాయల పేరు మోసే బుక్కపట్నం చెరువూ, నువ్వూ ఈ కోటల తోబుట్టువువే. కోటగోడ శత్రువును ఆపింది, నీ కట్ట వానను ఆపింది. రెండింటికీ మోసిన భుజాలు ఒకటే, పేరు చెక్కని భుజాలు.

గుప్తనిధులంటూ రాత్రిళ్లు గడ్డపారలతో ఈ గుడులను, బురుజులను పెకలించేవాళ్లారా, ఆగండి. మీరు వెతికే నిధి కోనేటి మెట్ల దగ్గర పైకే కనిపిస్తోంది. వాన చినుకును పారిపోనివ్వని తెలివి, పక్కవాడి దేవుణ్ణి పరాయివాణ్ణి చేయని తెలివి, తాతలు మనకు వదిలింది ఆ రెండే. బురుజుల మీది ముళ్లకంప కొడదాం, బావుల్లో పూడిక తీద్దాం, దర్గా గోడకూ బసది గోడకూ ఒకే శ్రద్ధతో సున్నం కొడదాం. ఈ రాళ్లు మావని చెప్పుకునే హక్కు ఆ పనితోనే వస్తుంది.