మే వెలాండ్‌కి అన్నీ తెలుసు

ముక్కోణపు ప్రేమకథల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మూడో మనిషిని రచయిత మనిషిగా చూడడు. హీరో ఎవరిని చేసుకుంటాడో సీరియల్ మూడో వారానికే మనకు తెలిసిపోతుంది. ఆ రెండో అమ్మాయి కథ పొడుగు పెంచడానికే వస్తుంది. మన వారపత్రికల్లోనూ సినిమాల్లోనూ ఆమెకు మిగిలేవి రెండే దారులు: చెడ్డదైపోవడం, లేదా ఏ జబ్బో చేసి అడ్డు తొలగడం. త్యాగం చేస్తే మరీ మంచిది, ఇంటర్వెల్ తర్వాత ఒక పాట కూడా దక్కుతుంది. ఒక మనిషి మనసు ఇద్దరి మధ్య ఊగడం లోకంలో ఉన్నదే, దాన్ని నమ్మడానికి ఇబ్బంది లేదు. ఎంపిక ముందే అయిపోయినా ఇంకా కానట్టు నటించే రచయితనే నమ్మలేం.

ఎడిత్ వార్టన్ 1920లో వెలువరించిన ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’ ఈ ఫిర్యాదుకు నేను చూసిన గట్టి జవాబు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ వచ్చింది; నవలకు ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. కథ జరిగేది 1870లలో, న్యూయార్క్‌లో పాతకాలపు డబ్బున్న కుటుంబాల మధ్య. 1862లో వార్టన్ పుట్టింది అలాంటి ఇంట్లోనే. న్యూలాండ్ ఆర్చర్ అనే కుర్ర లాయరుకు మే వెలాండ్‌తో పెళ్లి కుదిరింది. అంతలో మే దగ్గరి బంధువు ఎలెన్ ఒలెన్స్కా, పోలండ్ కౌంటైన మొగుణ్ణి వదిలేసి యూరప్ నుంచి ఊళ్లో దిగుతుంది. లోకం తెలియని పిల్ల ఒకవైపు, లోకం చూసిన ఒంటరి స్త్రీ ఇంకోవైపు. సరుకు పాతదే. పనితనం చూడాలంటే దగ్గరికి వెళ్లాలి.

పూల సంగతి చూడండి. ఆర్చర్ రోజూ మేకి లిల్లీ ఆఫ్ ది వ్యాలీ గుత్తి పంపిస్తుంటాడు. ఒక సాయంత్రం ఎలెన్ ఇంటి నుంచి వస్తూ, ఆవేళ పంపడం మరిచానని గుర్తొచ్చి పూలకొట్లోకి వెళ్తాడు. అక్కడ పసుపు గులాబీలు కంటపడతాయి. ముందు మేకే పంపుదామనుకుంటాడు గానీ, ఆ గులాబీల జోరు ఆమెకు నప్పదనిపిస్తుంది. ఆమెకు మామూలు లిల్లీలే పంపమని చెప్పి, గులాబీలను ఇంకో పెట్టెలో పెట్టించి, కవరు మీద ఎలెన్ పేరు రాసి, లోపల తన కార్డు పెడతాడు. వెళ్లబోతూ ఆగి ఆ కార్డు బయటికి లాగేసి, ఖాళీ కవరు వదిలేస్తాడు. అంతే. ప్రేమ అన్న మాట లేదు, గుండె దడ లేదు. మనిషి మాత్రం అప్పుడే జారాడు, అతనికింకా తెలియదు.

వార్టన్ అక్కడితో వదలదు. మర్నాడు మేతో మాట్లాడుతూ, ఎలెన్‌కి గులాబీలు పంపానని ఆర్చర్ తనే చెప్పేస్తాడు. ఎలెన్ మాతోనే భోంచేసింది, తనకు పూలు పంపినవాళ్ల పేర్లు చెప్పింది, నీ పేరు ఎత్తలేదే అంటుంది మే. ఆర్చర్ చిరాకుపడి మాట మారుస్తాడు. మొదటిసారి చదివినప్పుడు మన కళ్లు అతని చిరాకు మీదే ఉంటాయి. రెండోసారి చదివినప్పుడు మే వైపు తిరుగుతాయి. అతని నోటి నుంచే ఆమెకొక సమాచారం అందింది.

నవలంతా ఆర్చర్ కళ్లతోనే చూస్తాం. మే అమాయకురాలని, తను నేర్పితే తప్ప ఏదీ చూడలేదని అతని నమ్మకం. మనమూ నమ్ముతాం. వార్టన్ మాత్రం సాక్ష్యాలన్నీ మన ముందే పెడుతూ పోతుంది. ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో పెళ్లి త్వరగా చేసుకుందామని ఆర్చర్ బతిమాలినప్పుడు, ఎందుకీ తొందర, ఇంకెవరైనా ఉన్నారా అని మే సూటిగా అడుగుతుంది. ఉంటే తప్పుకుంటానంటుంది. తీరా ఆమె అనుకుంటున్నది అతనికి ఎప్పుడో ముగిసిపోయిన ఒక వ్యవహారం గురించి. హమ్మయ్య అనుకుంటాడు. ఆ హమ్మయ్యలో పడి, ఇంతసేపూ తనను ఎవరు గమనిస్తున్నారో ఆలోచించడు.

ఈ కథకు ముగ్గురూ అవసరమా? మేని తీసేసి చూడండి. విడాకులు కోరే స్త్రీకి కుటుంబం అడ్డుపడిన కథ మిగులుతుంది. ఎలెన్‌ను తీసేస్తే ఆర్చర్ తృప్తిగా, కాస్త నిద్రమత్తుగా కాపురం చేసుకుంటాడు. ఇక ఆర్చర్‌ను తీయడం అసలు కుదరదు: విడాకులు వద్దని ఎలెన్‌కి నచ్చజెప్పేది కుటుంబం పంపగా వచ్చిన లాయరు, అంటే అతనే. తర్వాత ప్రేమిస్తున్నానని చెప్పబోతే, ఆ దారి మూసింది నువ్వే కదా అని ఆమె గుర్తుచేస్తుంది. ఇక్కడ విలన్ అక్కర్లేదు. ఎవరి మర్యాద వాళ్లు పాటించడమే చాలు.

ఇక పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం, యూరప్‌కి తిరిగి వెళ్తున్న ఎలెన్‌ను సాగనంపే విందు. ఇచ్చేది మే. బల్ల చుట్టూ కూర్చున్న బంధువులంతా తననూ ఎలెన్‌నూ ఎప్పటినుంచో జంటగా అనుకుంటున్నారనీ, ఇప్పుడు తన భార్య పక్షాన కట్టుగా నిలబడి ఎలెన్‌ను మర్యాదగా ఊరు దాటిస్తున్నారనీ ఆర్చర్‌కి అక్కడ అర్థమవుతుంది. ఒక్కరూ ఒక్క మాట జారరు. అతిథులు వెళ్లాక, దూరం వెళ్తాను, ఇండియాకో జపాన్‌కో, అని మొదలుపెడతాడు. నేను కడుపుతో ఉన్నాను అంటుంది మే. ఎలెన్‌కి ఆ మాట రెండు వారాల కిందటే చెప్పేసిందని తేలుతుంది. అప్పటికి అది ఖాయమని మేకే తెలియదు. ఖాయం కాని వార్తను ఖాయమన్నట్టు చెప్పి పోటీని ముగించింది. దాన్ని అబద్ధమనాలో, కాపురం నిలుపుకునే తెలివి అనాలో వార్టన్ చెప్పదు. ఏళ్ల తర్వాత, చనిపోయే ముందురోజు, మీ నాన్న తనకు అన్నిటికన్నా కావలసినదాన్ని నా కోసం వదులుకున్నాడని మే కొడుకుతో చెప్పిందట. ఆ మాట కొడుకు నోట ఆర్చర్‌కి చేరుతుంది.

లోపం లేదా అంటే ఉంది. ఎలెన్ మే అంత గట్టిగా నిలబడదు. ఆమె మొగుడు పుస్తకంలో ఒక్కసారీ కనిపించడు, ఆ కాపురంలో ఆమె ఏం పడిందో వివరంగా తెలియదు. ఆర్చర్ ఆమెను కలలాగే చూస్తాడు కాబట్టి అలా ఉందనవచ్చు. నాకా సమర్థన పూర్తిగా సరిపోదు. 1993లో మార్టిన్ స్కోర్సెసీ తీసిన సినిమాలో మిషెల్ ఫైఫర్ ఆ ఖాళీని కొంత నింపింది. మేగా వేసిన వినోనా రైడర్ మాత్రం నవలలోంచి నేరుగా నడిచొచ్చినట్టుంటుంది.

ఇంగ్లిషులో చదవబోయేవాళ్లకు ఒక మాట. మొదటి అధ్యాయాల్లో మింగట్‌లు, వాన్ డర్ లైడన్‌లు, ఎవరికెవరు ఏమవుతారన్న గొడవతో విసుగొస్తుంది. పెళ్లివారింట్లో చుట్టాల పరిచయంలా ఓపిగ్గా వినండి, పేజీలు తిప్పేయకండి. ఆ విందుబల్ల చుట్టూ కూర్చునేది వాళ్లే.